ఒక్కడు ఆడే ఆట

తహసీల్దారు గది బయట స్టూలు మీద కూర్చునే మనిషికి ఆఫీసు గుట్టంతా తెలుస్తుంది. అయినా అతన్ని ఎవరూ ఏదీ అడగరు. చాయ్ తెమ్మంటారు, ఫైలు తెమ్మంటారు, తలుపు దగ్గరికి వేయమంటారు, అంతే. కోరుట్ల దగ్గర్లోని ఒక మండల రెవెన్యూ ఆఫీసులో పోశం అలాంటి స్టూలు మీద చాలా ఏళ్ల నుంచి ఉన్నాడు. ఎందరు తహసీల్దార్లు వచ్చిపోయారో అతనికే గుర్తులేదు. మనుషులు మారారు గానీ గంట మోత మారలేదు.

అతని తండ్రి ఊళ్లో సుంకరి. దండోరా వేసేవాడు, సర్కారు వాళ్లు ఊరికి వస్తే ముందు నడిచేవాడు, వాళ్లు కూర్చుంటే పక్కన నిలబడేవాడు. ఉద్యోగమంతా నిలబడే చేశాడు. కొడుక్కి స్టూలు దొరికింది. ఇక మిగిలింది కుర్చీ. తరానికో మెట్టు చాలునని ఊరుకునే గుణం పోశానిది కాదు. పెళ్లయ్యాక కూడా పట్టుబట్టి చదివి ఇంటరు పాసయ్యాడు. ఏళ్లు గడిచి సీనియారిటీ వచ్చింది. జూనియర్ అసిస్టెంటు కావడానికి అతనికి అడ్డుపడింది ఒక్కటే. అరచేతిలో ఇమిడే కంప్యూటర్ మౌసు.

ముందటి ఏడాది జగిత్యాలకు పిలిపించి, పై ఆఫీసువాళ్లు అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఒక ఫైలు తెరిచి, పేరు కొట్టి చూపించమన్నారు. పోశం మౌసును కోడిపిల్లను పట్టుకున్నట్టు మెల్లగా పట్టుకుని గాలిలోకి లేపాడు. తెర మీద బాణం గుర్తు కదల్లేదు. ఇంకొంచెం పైకి లేపాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "మళ్లోపారి చూద్దాం తియ్" అన్నాడు పెద్ద సారు. ఆ మళ్లోపారే తనకు ఆఖరుదని పోశానికి తెలుసు. ఆ తర్వాత రిటైర్మెంటు దగ్గర పడుతుంది. ఇంటికొస్తే భార్య రూతమ్మ చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ, ముఖం చూసే సంగతి కనిపెట్టింది. ఆమె తమ్ముళ్లు అతన్ని బంట్రోతు బావ అని పిలుస్తారు. మరో ఏడాది ఆ పిలుపు భరించక తప్పలేదు.

రెండు వేల పదకొండు ఫిబ్రవరిలో తెలంగాణ కోసం సహాయ నిరాకరణ వచ్చింది. ఉద్యోగులంతా ఆఫీసుకు రావాలి, సంతకం పెట్టాలి, పని మాత్రం ముట్టకూడదు. పెన్ను మూత తీయకూడదు. గేటు ముందు టెంటు వేశారు. పొద్దున నినాదాలు, మధ్యాహ్నం ఉపన్యాసాలు, సాయంత్రం ఇల్లు. ఆఫీసు తలుపులు మాత్రం బార్లా తెరిచే ఉంచాలి, లోపల ఎవరూ దొంగచాటుగా పని చేయడం లేదని దారినపోయేవాళ్లకు కూడా తెలియాలి. సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు తలుపులోంచి తొంగిచూసి, "తెలంగాణ అచ్చినంకనే అస్తం సార్" అని తిరిగి వెళ్లేవాళ్లు. కోపం వచ్చినవాళ్లు కూడా ఉన్నారు గానీ ఆ రోజుల్లో కోపాన్ని పైకి చూపించే ధైర్యం ఎవరికీ లేదు.

సీనియర్ అసిస్టెంటు సత్తయ్య ఆ ఆఫీసులో జేఏసీ నాయకుడు. గొంతు పెద్దది, కండువా ఇంకా పెద్దది. పొద్దున టెంటులో నినాదాలిచ్చి, మధ్యాహ్నం రికార్డు రూము వెనక డ్రైవర్లతో కలిసి రమ్మీ వేసేవాడు. అటు ఎవరూ తొంగిచూడరు కాబట్టి అదెవరికీ పట్టలేదు.

కంప్యూటర్ గదిలో సంధ్యారాణి ఉండేది. సిరిసిల్ల పిల్ల. ఆమె తండ్రి రాజం పవర్‌లూం మగ్గాల మీద పనిచేసి ఊపిరి పాడుచేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. సిరిసిల్ల ఇల్లు గడిచేది ఈమె జీతంతోనే. కోరుట్లలో గది అద్దెకు తీసుకుని రోజూ బస్సులో వచ్చిపోయేది. ఆమెది సర్కారు ఉద్యోగం కాదు, ఏజెన్సీ వాళ్లు పెట్టిన ఔట్‌సోర్సింగు పని. ఇలాంటివాళ్లను తీసేయడానికి కాగితం కూడా అక్కర్లేదు, ఒక్క ఫోను చాలు. అందుకే ఆమె టెంటులో అందరికంటే వెనక కూర్చునేది, నినాదానికి పెదాలు మాత్రం కదిపేది.

చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి వెళ్లి కంప్యూటర్ల మీద దుమ్ము తుడవడం పోశం రోజువారీ పని. సహాయ నిరాకరణలో దుమ్ము తుడవొచ్చా లేదా అన్నది ఎవరూ తేల్చలేదు. అతను తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ మౌసు దగ్గర ఆగిపోవడం సంధ్యారాణి చూసింది.

"కాకా, జగిత్యాల పరీక్ష మళ్ల పెడ్తరట గద?"

"ఈ లొల్లి అయిపోంగనే అంటుండ్రు బిడ్డా. ఏం చేసుడు, గిది నా చేతికి లొంగుతలేదు."

పదిమందిలో అతను ఆమెను మేడం అనేవాడు. ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేవాడు. ఆమె కుర్చీ లాగి చూపించింది.

"కూసోండ్రి. మాకు సిరిసిల్లల ఇన్‌స్టిట్యూట్ల సారు ముందుగాల గిదే నేర్పిండు. పేకాట."

పోశం తటాలున వెనక్కి జరిగాడు. "పేకాటనా? రూతమ్మకు తెలిస్తే చర్చిల లేపి నిలవెడ్తది నన్ను."

"పైసలు లేవు, ఎదురుంగ మనిషి లేడు. మీరొక్కరే ఆడుడు. ముక్కల్ని పట్టి గుంజుడు, పెట్టుడు. అట్ల చేస్తుంటే మౌసు చేతికస్తది."

పోశం ఒక్క క్షణం ఆలోచించాడు. ఇది పని కాదు కదా. పని కాకపోతే నిరాకరణకు భంగం లేదు. తలుపు ఎలాగూ తెరిచే ఉంది. కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఆఫీసులో చేరిన తర్వాత కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు సగం కుర్చీ మీదే ఆనాడు.

"ముందు ఒక మాట. మౌసును లేపొద్దు కాకా. టేబుల్ మీదనే జరుపుండ్రి" అంది సంధ్యారాణి.

జరిపాడు. బాణం కదిలింది. ఇంకా జరిపాడు. మౌసు టేబుల్ చివరికి వచ్చి ఆగింది, బాణం మాత్రం ఇంకా ముక్క దాకా పోలేదు.

"టేబుల్ అయిపోయింది బిడ్డా. ఇప్పుడెట్ల?"

సంధ్యారాణి పగలబడి నవ్వింది. చివరికొచ్చినప్పుడు మాత్రం ఎత్తి వెనక్కి పెట్టుకోవచ్చని చెప్పింది. ఎత్తొద్దన్నది ఆమే, ఎత్తమన్నదీ ఆమే. చదువుకున్నవాళ్ల విద్యలో ఇలాంటి మెలికలు ఉంటాయని పోశం సర్దుకున్నాడు.

ఆట రూలు మాత్రం అతని బుర్రకు చేతికంటే ముందే ఎక్కింది. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను పేర్లు పెళ్లిళ్ల దగ్గర విన్నవే. నలుపు మీద ఎరుపు, ఎరుపు మీద నలుపు, పెద్దదాని కింద దానికంటే ఒకటి తక్కువది. వరుస ఖాళీ అయితే ఆ జాగాలో రాజు తప్ప ఇంకెవరూ రాకూడదు. ఆసులు దొరికితే పైకి పంపాలి.

"ఖాళీ జాగ ఉన్నా రాజే కూసోవాల్నా?"

"రాజే కాకా. ఇంకెవలు పెట్టినా తీస్కోదు."

"అచ్చం మన ఆఫీసే" అన్నాడు పోశం.

మొదట్లో ముక్కను పట్టుకుంటే మధ్యదారిలో జారిపోయేది. వేలు నొక్కి ఉంచాలన్నది మర్చిపోయేవాడు. నొక్కి ఉంచితే మోచెయ్యి దాకా బిగుసుకుపోయేది. కరెంటు పోతే కాసేపు బ్యాటరీ కీచుమని అరిచి, అదీ ఆగిపోయేది. మళ్లీ కరెంటు వచ్చేదాకా కుర్చీలోనే కూర్చునేవాడు, దిగితే మళ్లీ ఎక్కనిస్తారో లేదోనన్నట్టు. నాలుగైదు రోజులకు బాణం అతను చెప్పిన చోట ఆగడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ముక్కలు జారడం మానేశాయి. ఆట మాత్రం పూర్తి కాలేదు. ఎక్కడో ఒకచోట దారులన్నీ మూసుకుపోయేవి. తను ఎక్కడ తప్పు చేశాడో అర్థంకాక తెర వంక చూస్తూ చాలాసేపు కూర్చునేవాడు.

"కొన్నాటలు ఎంత మంచిగ ఆడినా కావు కాకా. కొత్తది ఏస్కోండ్రి" అనేది సంధ్యారాణి.

"కానిదాన్ని ముందుగాల ఎందుకిచ్చిండు మరి?" అనేవాడు పోశం. ఆమె కొత్త ఆట తెరిచి ఇచ్చేది. ఉద్యోగం ఇచ్చినవాళ్లను ఆమె ఎన్నడూ ప్రశ్న అడిగింది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం సంధ్యారాణి టెంటులోకి వెళ్లింది. పోశం ఒక్కడే కంప్యూటర్ గదిలో ఉన్నాడు. ముక్కలు ఎన్నడూ లేనంత తేలిగ్గా తెరుచుకుంటున్నాయి. ఆసులన్నీ పైకి పోయాయి, వాటి వెంట రెళ్లు, మూళ్లు. ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే పంపాడు. చివరి రాజు పైకి పోగానే తెర మీద ముక్కలన్నీ ఒకదాని వెంట ఒకటి ఎగిరి, బంతుల్లా గెంతుతూ కింద పడసాగాయి. కంప్యూటర్ చెడగొట్టానేమోనని పోశం కుర్చీలోంచి ఎగిరి లేచాడు. కాసేపు చూశాక అర్థమైంది. గెలిచాడు. అతనికి నవ్వు ఆగలేదు.

సరిగ్గా అప్పుడే కోరుట్ల నుంచి మోటర్‌సైకిల్ మీద వచ్చిన ఒక విలేకరి టెంటు ఫొటోలు తీసుకుని, తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చాడు. సమ్మెలో ఒక ఉద్యోగి కంప్యూటర్ ముందున్నాడు. విలేకరి కళ్లు మెరిశాయి.

"ఏందే, లోపట పని నడుస్తుందా? బయట టెంటు, లోపట కంప్యూటరా?"

పోశానికి టెంటు గుర్తొచ్చింది. తనను ఉద్యమద్రోహి అంటారు. టెంటులో ఉన్నవాళ్లందరి ముందూ ఇజ్జత్ పోతుంది. ఆ మాట పడకుండా ఉండటానికి అతనికి ఒక్కటే దారి తోచింది. తెరను రెండు చేతులతో పట్టుకుని విలేకరి వైపు తిప్పాడు.

"అయ్యో లే సార్! పని ముట్టలే. దేవుని మీద ఒట్టు. సూడుండ్రి, పేకాడుతున్న!"

తను నిజాయితీగా సమ్మెలో ఉన్నాడని చూపించడానికి పక్కకు జరిగి నిలబడ్డాడు కూడా. గెలిచిన నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. విలేకరి ఫొటో తీశాడు. పోశం నమస్తే పెట్టాడు.

మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. తెర మీద పేకముక్కలు, పక్కన పళ్లికిలించిన పోశం. పైన పెద్ద అక్షరాలతో, 'పనికి సెలవు, పేకకు కొలువు'. జీతాలు తీసుకుంటూ ఉద్యోగులు ఉద్యమం పేరుతో ఏం చేస్తున్నారో చూడండని కింద రాశారు. ఆ కాలంలో ఉద్యమాన్ని ఎత్తిపొడవడానికి కాచుకున్నవాళ్లకు అంతకంటే మంచి బొమ్మ దొరకదు.

సత్తయ్య కండువా సర్దుకుంటూ వచ్చి అందరి ముందూ మండిపడ్డాడు. "ఉద్యమం ఇజ్జత్ మొత్తం తీసినవ్ కదరా పోశం! నీకు ఆడుకునుడే దొర్కిందా?" రికార్డు రూము వెనక నేల మీద పరిచిన దుప్పటి అప్పటికే మడిచి లోపల పెట్టించాడు. ఆ దుప్పటి మీద ఎవరు పేకాడేవారో పోశానికి తెలుసు. తనే తెచ్చి ఇచ్చాడు. తలకాయ కొట్టేసినట్టయింది.

ఇంట్లో రూతమ్మ పేపరును మోకాలి మీద పరిచి చాలాసేపు చూసింది. "పేకాడినందుకు అంటలేను. గట్ల నవ్వుకుంట ఎందుకు దిగినవయ్యా ఫొటో?" అంది.

"గెలిచిన గద" అన్నాడు పోశం. ఆమెకు కోపం వచ్చి చాట తీసుకుని అవతల వైపు తిరిగింది.

పై ఆఫీసు నుంచి తహసీల్దారుకు ఫోను వచ్చింది, చర్య తీసుకోమని. కానీ మెమో రాయడం కూడా పనే. పని చేయకూడదు. అందువల్ల పోశం శిక్ష సహాయ నిరాకరణ అయ్యేదాకా ఆగింది. శిక్ష వేయడానికి వీల్లేక ఆఫీసంతా అతన్ని చూస్తూ కూర్చుంది, అతను అందరినీ చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ గది వైపు అతను పోలేదు. దుమ్ము తుడవడం కూడా మానేశాడు.

మార్చిలో నిరాకరణ ముగిసింది. ఆఫీసులో పెన్నుల మూతలు తీశారు. మొట్టమొదట టైపు అయిన కాగితం పోశం మెమో. టైపు చేయాల్సింది సంధ్యారాణి. తహసీల్దారు చేత్తో రాసిచ్చిన చిత్తును ఆమె ముందు పెట్టి, పోశం అలవాటు కొద్దీ పక్కనే నిలబడ్డాడు, ప్రింటు తీయగానే లోపలికి తీసుకుపోవాలి కాబట్టి. ఆమె వేళ్లు ఒక్కో అక్షరం దగ్గరా తడబడ్డాయి. 'ప్రభుత్వ కంప్యూటరును జూదక్రీడకు వినియోగించి' అన్న చోట ఆగిపోయింది.

"కాకా, గిది..."

"కొట్టు బిడ్డా. సారు ఎదురుసూస్తుండు" అన్నాడు పోశం.

విచారణకు జగిత్యాల నుంచి ఒక అధికారి వస్తున్నాడన్నారు. ఆ ముందు రోజు సత్తయ్య అతన్ని పక్కకు పిలిచాడు. ఇప్పుడు గొంతులో కోపం లేదు, చనువు ఉంది.

"నేను చెప్పేది ఇను పోశం. కంప్యూటర్ పాస్‌వర్డు నీకెట్ల తెలుస్తది? ఆ పిల్ల తీసిచ్చింది, ఆ పిల్లనే ఆడుమన్నది అని చెప్పు. నీకు ఉత్త వార్నింగ్ తోని పోతది. ప్రమోషన్ బాజాప్తా అస్తది."

"మరి ఆ పిల్లకో?"

"ఔట్‌సోర్సింగే గదనే. ఇది కాకపోతే ఇంకోటి సూసుకుంటది."

ఇంకోటి ఎక్కడుందో సత్తయ్య చెప్పలేదు. పోశం ఇంటికెళ్లి ఆ మాటలన్నీ రూతమ్మకు చెప్పాడు. ఆమె ఒక బీడీకి దారం చుట్టి చాటలో వేసి, "చెప్పు. మనకోసం ఎవలన్న ఏమన్న పోగొట్టుకున్నరా?" అంది. పోశం చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. కూర వడ్డించి, ఆమె మళ్లీ నోరు విప్పింది.

"ఆ పిల్లకు తండ్రి పానం మంచిగ లేదన్నవ్ గద?"

"ఊఁ."

"అయితే వద్దు తియ్" అంది. అని, తన తమ్ముళ్లను తలుచుకుని కాసేపు ఎవరినో తిట్టింది.

అయినా పోశానికి గుండె నిబ్బరం చిక్కలేదు. పొద్దున ఆఫీసుకు వస్తూ దారంతా రెండు జవాబులనూ మార్చి మార్చి పలికి చూసుకున్నాడు. పేరు చెబితే కుర్చీ. చెప్పకపోతే స్టూలు, రిటైరయ్యేదాకా. అతనికి కుర్చీ కావాలి. ఆ సంగతి అతను తన దగ్గర దాచుకోలేదు.

విచారణాధికారి కళ్లద్దాల పెద్దమనిషి. కంప్యూటర్ గదిలోనే కూర్చుని అడిగాడు. తహసీల్దారు, సత్తయ్య చెరో పక్కన ఉన్నారు. సంధ్యారాణి గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడింది.

"కంప్యూటర్ ఎవలు తీసిచ్చిండ్రు నీకు?"

పోశం ఒకసారి గుమ్మం వైపు చూశాడు. చూడకూడదనుకుని మళ్లీ తలదించాడు.

"నేనే తీసిన సార్. టేబుల్ అద్దం కింద పాస్‌వర్డు చీటీ ఉంటే తుడుసుకుంట సూసిన."

అద్దం కింద ఏ చీటీ లేదు. ఆ మాటతో పేకాట తప్పుకు దొంగతనంగా చూసిన తప్పు కూడా తోడైంది. సత్తయ్య నుదురు కొట్టుకున్నాడు.

"ఆట ఎవలు నేర్పిండ్రు?"

"ఎవ్వలు నేర్పలే సార్. ఒక్కడు ఆడే ఆటనే గదా, ఒక్కన్నే నేర్చుకున్న."

అధికారికి నమ్మకం కలగలేదు. "ఈ వయసుల ఒక్కనివే నేర్చుకున్నవా? ఏదీ, ఆడి చూపెట్టు."

పోశం కుర్చీలో కూర్చున్నాడు. పదిమంది చూస్తుండగా మౌసు పట్టుకున్నాడు. ముక్క పట్టాడు, లాగాడు, వదిలాడు. ఇంకోటి. మరోటి. మధ్యలో ఒకచోట అతను తటపటాయించాడు.

"ఎర్ర తొమ్మిది ఉంది గదనయ్యా, దాన్ని పెట్టవేంది?" అన్నాడు అధికారి.

"ముందు గులాం తియ్యాలె సార్" అన్నాడు తహసీల్దారు మెల్లగా.

"గులాం తీస్తే కళావరు ఎనిమిది ఇరుక్కుంటది" అన్నాడు సత్తయ్య.

ముగ్గురూ తెర మీదికి వంగారు. పోశం ఒక్కొక్కరి వంక చూశాడు. అందరికీ వచ్చు. అందరూ తలుపులు వేసుకున్న గదుల్లో ఎన్నాళ్లుగానో ఆడుతున్నవాళ్లే. తలుపు తీసి ఆడినవాడు మాత్రం తనొక్కడే. అధికారికి తాను ఎందుకు వచ్చాడో గుర్తొచ్చినట్టుంది, గొంతు సవరించుకుని నిటారుగా కూర్చుని, కట్టేయమన్నాడు.

పోశానికి ఒక ఇంక్రిమెంటు ఆపారు. అది ఆగినన్నాళ్లూ ప్రమోషన్ మాట ఎత్తకూడదు. మౌసు మీద చెయ్యి కుదిరిందని తనకు శిక్ష వేసినవాళ్లే కళ్లారా చూశారు గానీ, దాన్ని పరీక్ష కింద లెక్కపెట్టే పద్ధతి సర్కారులో లేదు. సమ్మెలో పని పేరుకుపోయిందని ఆ ఏడాది పరీక్ష కూడా పెట్టలేదు. అతనికి రావలసిన పోస్టు సిరిసిల్ల అవతల బోయినపల్లి వైపు పనిచేస్తున్న హన్మంతు అనే అటెండరుకు వెళ్లింది. పోశం కంటే చిన్నవాడు, సర్వీసులోనూ చిన్నవాడే. ఆ ఆర్డరు విన్న రోజు పోశం టిఫిను డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాడు. ఆకలి లేదని రెండు పూటలూ మంచినీళ్లు తాగి పడుకున్నాడు. బాధగా ఉందా అని రూతమ్మ అడిగితే, ఉందని చెప్పాడు.

వానలు పడే రోజుల్లో హన్మంతు వచ్చి చేరాడు. కుర్చీలో కూర్చున్నాడు. మౌసు చేతిలోకి తీసుకుని గాలిలోకి లేపాడు. తహసీల్దారు తెరిచిన తలుపులోంచి అది చూసి పిలిచాడు.

"పోశం, ఆయనకు జెర నేర్పియ్."

పోశం స్టూలును కంప్యూటర్ గదిలోకి తెచ్చుకుని హన్మంతు కుర్చీ పక్కన వేసుకున్నాడు. అతని చెయ్యి మీద తన చెయ్యి పెట్టి టేబుల్ మీదికి దించాడు. ముక్కలు తెరిచి చూపించాడు. ఈసారి పై అధికారి చెప్పాడు కాబట్టి ఇది ఆట కాదు, పనే.

హన్మంతు సిగ్గుపడుతూ అన్నాడు. "అన్నా, నీ జాగల అచ్చి కూసున్న అని మనసుల పెట్టుకోకు."

"నా జాగ కాదే తమ్మీ, సర్కారుది. నువ్వు వేలు గట్టిగ నొక్కు, ముక్క జారిపోతుంది."

కాసేపటికి హన్మంతుకు చెయ్యి కొంచెం కుదిరింది. అతను సంతోషంతో అడిగాడు. "గింత మంచిగ నేర్పుతున్నవ్, నీకెవలు నేర్పిండ్రే అన్నా?"

పక్క టేబుల్ దగ్గర సంధ్యారాణి టైపు చేస్తోంది. ఆ చప్పుడు ఆగింది. పోశం తన పాత జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

"నేను నేర్పిన" అంది సంధ్యారాణి.

మామూలు గొంతు కాదు. పక్క గదిలోని సత్తయ్య ఫైలు మీంచి తలెత్తేంత గొంతు. ఆమె లేచి నిలబడి ఉంది. వేళ్లు టేబుల్ అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"పోశం కాకకు నేనే నేర్పిన. పాస్‌వర్డు కొట్టిచ్చింది నేను. అద్దం కింద చీటీ ఏం లేకుండె."

తహసీల్దారు తలుపు తెరిచే ఉంది. లోపల గంట మోగింది. ఈ పిల్ల ఉద్యోగం పోయిందనుకున్నాడు పోశం. ఇన్నాళ్లు తను మోసింది ఒక్క మాటతో ఈ పిల్ల కింద పడేసిందని కోపం కూడా వచ్చింది. లోపలికి వెళ్లి నిలబడ్డాడు. తహసీల్దారు సంతకాలు పెడుతూనే ఉన్నాడు.

"నాకు తెల్వదనుకున్నవా పోశం? మొదటి రోజు నుంచి తెలుసు. నువ్వు చెప్పి ఉంటే రాసుడు తప్పకపోతుండె. రాస్తే ఆ పిల్ల ఇయ్యాల గీడ లేకుండె. నువ్వు చెప్పలే, నేను రాయలే." ఇంకో సంతకం పెట్టాడు. "ఇప్పుడు నేనేం ఇనలే. చాయ్ చెప్పిరా పో."

పోశం బయటికి వచ్చాడు. సంధ్యారాణి ఇంకా నిలబడే ఉంది.

"సారు ఏమన్నడు కాకా?"

"చాయ్ తెమ్మన్నడు."

ఆమె కుర్చీలో కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను ఆనాడే చెప్పాల్సి ఉండె. భయపడ్డ కాకా."

"ఆనాడు చెప్తే నా మెమో ఎవలు కొడ్తుండె బిడ్డా?" అన్నాడు పోశం.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఏమీ అర్థంకాని హన్మంతు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చేతిలో ఉన్న ముక్కను జారవిడిచాడు.

పోశానికి కుర్చీ మీద ఆశ చచ్చిందంటే అబద్ధం. గది దాటేటప్పుడు దాని వైపు చూశాడు, రేపు కూడా చూస్తాడు. కానీ ఆర్డరు వచ్చిన నాటి నుంచి మెడ మీద కూర్చున్న బరువేదో దిగినట్టయింది, ఆకలి కూడా అయింది. హోటల్ దగ్గర చాయ్‌లు చెప్పి, అవి మరిగేలోపు నిలబడి వేడి మిర్చీలు తిన్నాడు. హోటల్ రాజన్న చాయ్ వడపోస్తూ అడిగాడు.

"కొత్త సారు అచ్చిండటగదనే? కంప్యూటర్ అస్తదా ఆయనకు?"

"ఇంకా రాదు" అన్నాడు పోశం నోట్లోది మింగి. "నేనే నేర్పుతున్న."